ఎర్రగుంటెనే పచ్చ

మా తమ్ముడు జగదీశ్ కూర్చుంటే కాళ్లూపేవాడు, నిలబడితే తాళంచెవులు వేలికి తిప్పేవాడు. అమీర్‌పేటలో రెండు కోచింగుల్లో చేరి రెండూ మధ్యలోనే వదిలేశాడు. పంజాగుట్టలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో కుదిరాక కూడా కౌంటర్ వెనక కూర్చోలేక, బాగైన ఫోన్లను తనే ఇళ్లకు తీసుకుపోయి ఇచ్చేవాడు.

"కాళ్లూపకు బిడ్డా, ఇంటికి దరిద్రం" అనేది మా ఇంటి ఓనరు రుద్రమ్మ.

"ఇల్లు నీదే గదవ్వా, నాకేం ఫికర్?" అనేవాడు.

అలాంటివాడికి ఎక్కడినుంచో పాత కెమెరా దొరికింది. కలర్ ఫిల్మ్‌ను ఇంట్లోనే కడగడం మొదలుపెట్టాడు. బాత్రూం తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, చీకట్లో ఫిల్మ్‌ను డబ్బాలోకి ఎక్కించేవాడు. మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు. ఇక ఫిల్మ్ కడిగే మందు పోసి డబ్బాను ఊపడమే.

"చూసినవా అక్కా, ఊపుడే పని! నా కోసమే పుట్టింది."

చిక్కల్లా వేడితోనే. మొదటి మందు ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకులోంచి నీళ్లు దాదాపు అంత వేడిగానే వచ్చేవి. ఇంట్లో మిగతావాళ్లం ఆ నీళ్లను తిట్టుకుంటుంటే వాడు బకెట్ నింపి, అందులో మందు సీసాలు నిలబెట్టి మురిసిపోయేవాడు.

ఒకరోజు రుద్రమ్మ పైకొచ్చింది. "నేను సచ్చినంక దండేసేటి ఫోటో ఇప్పుడే తీయి. ఫోన్ల ఒద్దు, సున్నమేసినట్టు తెల్లగ జేస్తున్నరు." సిరిసిల్లలో ఆమె భర్త మగ్గం మీద నేసిన చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మొహం ఎలా వచ్చినా ఫరవాలేదు, చీర రంగు మాత్రం ఉన్నదున్నట్టు రావాలంది.

ఆ ఫిల్మ్ కడిగేరోజున సీసాలు ఇంకా బకెట్లో ఉండగానే వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. కింద రుద్రమ్మే మోటర్ వేసి ఆ నీళ్లను డాబా మీది ట్యాంకులోకి ఎక్కించింది. బకెట్లోకి వదిలిన నల్లాలోంచి చల్లనీళ్లు పడ్డాయి. "థర్మామీటర్ చూడురా" అన్నాను. "నడుస్తది తీ" అని పోసేశాడు. ఆగడం వాడివల్ల కాదు.

ప్రింటులో చిలకపచ్చ పాలిపోయి బూడిదలా వచ్చింది.

"ఇది నా చీర గాదు" అంది రుద్రమ్మ. "ఇంకోపారి ముంచరాదు? నూలుకు రంగు తక్కువైతే మేం మళ్ల ముంచుతుంటిమి."

"ఇది అద్దకం గాదవ్వా. మొదటి మందుల ఫిల్మ్ మీది వెండి నల్లబడ్తది, దాని పక్కపొంటి రంగు పుడ్తది. రెండో మందు వెండిని తీసుకపోతది. వెండి పోయినంక రంగు పెరగదు."

"అయితే ఇంకొక్కపారి కూసుంట. గదే ఆఖరు. నువ్వు జర కాళ్లూపకుంట తీయి."

తీశాడు. అప్పటికే మబ్బులు పట్టాయి, ట్యాంకు చల్లబడింది. "మళ్ల ఎండలు రానీ" అని ఆ రీలును ఫ్రిజ్‌లో పెట్టాడు. వాడు దేనికోసమైనా ఆగడం నేను చూసింది అదొక్కసారే. ఆ వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయాడు.

ఈ వేసవిలో రుద్రమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "నల్లా కాలుతుంది బిడ్డా" అంది. ఫ్రిజ్ వైపు చూసింది.

కొత్త మందు తెప్పించాను. రుద్రమ్మ కింద కుర్చీ తెచ్చుకుని మోటర్ స్విచ్‌కు కాపలా కూర్చుంది. ట్యాంకర్ డ్రైవర్ హారన్ కొడుతుంటే "ఆగురా, మా పోరని పని నడుస్తుంది" అని ఆమె అరవడం పైకి వినిపించింది. థర్మామీటర్ రెండుసార్లు చూసి మందు పోశాను. నిలబడలేక, బాత్రూంలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాత్రూంలోకి తిరుగుతూ ఊపాను. దాన్ని పారబోసి, రెండో మందు పోసి అలాగే ఊపాను.

ఫిల్మ్‌ను దండెం మీద ఆరేశాను. రుద్రమ్మ మెట్లెక్కి వచ్చి, దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"చీర ఎర్రగైంది గదనే!"

"ఎర్రగుంటెనే పచ్చ అవ్వా. ఫిల్మ్‌ల రంగులు ఉల్టా ఉంటయి, ఫోటోల తిరగబడ్తయి." ఆ మాట వాడు నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

పంజాగుట్టలో ప్రింటు వేయించి తెచ్చాను. చీర చిలకపచ్చగానే వచ్చింది. కానీ ఫోటోలో రుద్రమ్మ మొహం కొద్దిగా చెదిరింది, కెమెరా కదిలినట్టు.

రుద్రమ్మ కొంగుతో ఫోటో తుడిచింది, మళ్లీ చూసింది.

"ఊపకురా అంటే ఇనకపోతివి" అని, వాణ్ని తిట్టినట్టే ఆ ఫోటోను తిట్టింది. మళ్లీ వేయిస్తానన్నాను.

"ఒద్దు. నేను సచ్చినంక గిదే పెట్టుండ్రి" అని, దాన్ని కొంగుచాటున పెట్టుకుని మెట్లు దిగింది.