ఇంగ్లండ్ బిరుదులు, మా ఇంటి తలపాగా

ఇంగ్లండ్‌లో ఒక ముసలాయన తన వంశ చరిత్ర రాసుకుంటున్నాడు. ఆయన పంపే పాత వీలునామాలు, ఉత్తరాలు చదివి టైపు చేసి, వంశవృక్షం గీసిపెట్టే పని రెండేళ్లు చేశాను, ఛత్రినాకలో మా మేడ మీద కూర్చుని, కింద బర్రెలు అరుస్తుండగా. వాళ్లకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే బిరుదులు రెండు ఉండేవి. ఒకటి ఎర్ల్, ఒకటి బ్యారన్. మొదటిది, ఉన్న ఒక్క కొడుకు చిన్నప్పుడే చనిపోవడంతో ఆగిపోయింది. రెండోదాని సంగతి చదివితేనే నాకు ఒళ్లు మండింది. ఆఖరి బ్యారన్‌కు నలుగురు కూతుళ్లు. నలుగురూ నిక్షేపంగా బతికుండగానే బిరుదు అంతరించిందని రాసేశారు.

సాయంత్రం బాపుకు చెప్తే నవ్వాడు. “బిడ్డలుండంగ అయిపోయిందంటరా? గదేం లెక్క?” అన్నాడు. ఆ మాట మనసులో దాచుకున్నాను. నేనూ ఒక్కగానొక్క కూతుర్నే మరి. బాపు మా గల్లీలో పాడి ఉన్న ఇళ్లన్నిటికీ చౌదరి, అంటే పెద్ద. తాతల నుంచి వచ్చిన పేరు. దీపావళి వెళ్లాక దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్‌లో తలపాగా కట్టుకుని ముందు నడిచేది చౌదరే. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఐదేళ్లుగా బాపు ఆ ఒక్క రోజు ఎలాగో నడిచేవాడు, మిగతా పనంతా నాదే. పోలీసు పర్మిషన్‌కు దరఖాస్తు రాసేది నేను, ఎవరి దున్న ముందు నడవాలని లొల్లి పెట్టుకుంటే సర్దిచెప్పేది నేను. తలపాగా నాకే వస్తుందని గట్టిగా నమ్మాను.

మొన్న వానాకాలంలో బాపు, “గా ఇంగ్లిషోళ్లకు గీసినట్టు మనది గూడ ఒకటి గియ్యి బిడ్డా” అన్నాడు. ఎంత మురిసిపోయానో. మేనత్తలను అడిగి, కిషన్‌బాగ్‌లో చుట్టాల ఇళ్లు తిరిగి, ముత్తాత దాకా అందరి పేర్లూ పట్టుకొచ్చి పెద్ద చార్టు గీశాను. బాపు పేరు కింద నా పేరు రాశాను.

దీపావళి దగ్గర పడ్డాక ఒక ఆదివారం గల్లీ పెద్దమనుషులు మా ఇంట్లో కూర్చున్నారు. నేను చాయ్ తీసుకెళ్లేసరికి చార్టు మధ్యలో పరిచి ఉంది. ఒక పెద్దాయన వేలు నా పేరును దాటేసి పైకి పోయి, పక్క కొమ్మ దిగి, మలక్‌పేటలో ఉండే మా చిన్నతాత మనవడి దగ్గర ఆగింది. మా గడప ఎన్నడూ తొక్కని మనిషి. బాపు తల ఊపాడు. తలపాగా ఇవ్వడానికి అందరికన్నా దగ్గరి మగవాడెవరో వెతకడానికే నాతో అది గీయించాడు. బయటివాళ్లు చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నా బాపే మోసం చేశాడు. చేతిలో చాయ్ గ్లాసులు ఉన్నాయి కాబట్టి అందరికీ ఇచ్చి మేడెక్కాను.

వారం తర్వాత ఆ మలక్‌పేట తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, పర్మిషన్ దరఖాస్తు ఎట్ల రాయాలె?”

చెప్పనన్నాను.

పక్కనే ఉన్న బాపు, “గింత కోపమేంది బిడ్డా? తలపాగా నీకు గావాల్నని ఒక్కనాడన్న అడిగినవా?” అన్నాడు.

అడగలేదు. ఐదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు కదా అనుకున్నాను.