నేను కూర వద్దన్న రోజు

ఆదివారం పొద్దున పదిన్నర వేళ బ్రాడీపేటలోని మా అపార్ట్‌మెంట్ మెట్ల మీదికి ఏదో ఒక ఇంటి నుంచి కోడికూర వాసన, అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోయి లవంగాల ఘాటు ఎక్కుతున్న ఆ వాసన వస్తే, యాభై దాటినా లేచి వెళ్లి వీధి తలుపు మూసేస్తాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అద్దంకి దగ్గర మా ఊళ్లో, కల్లం నిండా ఎర్రగా పరిచిన మిరపకాయలు ఎండకి గలగలలాడుతూ, ఇంటిల్లిపాదీ తుమ్ముతూ తిరిగే రోజుల్లో, వేటపాలెం నుంచి మేనత్తా మావయ్యా వచ్చారు. వాళ్ల కోసం నాయనమ్మ కోసిన కోడి రోజూ నా అరచేతిలో నూకలు తిన్న చుక్కలపెట్ట. పట్టుకురమ్మంటే, నన్ను నమ్మి దగ్గరికొచ్చిన దాన్ని పట్టి ఇచ్చింది నేనే. ఎందుకని అడగాలని తోచలేదు.

మధ్యాహ్నం అందరం వరసగా కూర్చున్నాం. మా ఇంట్లో నాయనమ్మ వండింది వద్దనడమంటే ఆమెనే కాదనడం. గారెల మీద కోడి పులుసు పోస్తూ గరిటె ఒక్కో కంచం దాటి నా వైపు వస్తుంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకొద్దు నాయనమ్మా."

"ఏం, జొరమొచ్చిందా?"

"కాదు. ఇంకెప్పుడూ తినను."

మావయ్య నవ్వాడు. "పంతులుగారింట్లో పుట్టాల్సిన పిల్ల." "పెద్దోళ్ల ముందు ఏం మాటలే అవి?" అంది అమ్మ. నాయనమ్మ గరిటె పక్క కంచం మీదికి తిప్పింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె అడుగుల చప్పుడు వినపడితే చాలు, గాదె వెనక్కి పోయి నిలబడేదాన్ని. మూడోనాడు గేదె పాలు పితుకుతూ తనే పిలిచింది.

"పాలు తాగుతావుగా?"

"తాగుతా."

"ఇయ్యి దానియ్యే," అంటూ తాడు లాక్కుంటూ అరుస్తున్న దూడని చూపించింది. "దాని నోటికాడియి తీసి నీకు పోస్తన్నా. మరి దానికేం చెప్తావ్?"

వెక్కిరిస్తోందేమోనని భయంగా ముఖంలోకి చూశాను. నిజంగానే అడుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ ఇంకా సగం పాలు పొదుగులో ఉండగానే చెంబు పక్కనపెట్టి, లేచి దూడని విప్పింది. ఆ తర్వాత రోజూ అంతే. పాలు తగ్గాయని నాన్న గొణిగినా కారణం చెప్పలేదు. కోడికూర మాత్రం చివరిదాకా ఇష్టంగానే తిన్నది; వండిన రోజున నాకు ముందుగా పప్పు దించి, గరిటె వేరే పెట్టేది.

ఆమె లేదు. గేదెల పాక ఉన్నచోట ఇప్పుడు ట్రాక్టరు నిలబెడుతున్నారు. స్నేహితులు భోజనానికి పిలిస్తే "నేను తిననండి" అంటూ ఈనాటికీ కంచానికి చెయ్యి అడ్డం పెడతాను. "మరి పాలు తాగుతారుగా?" అని ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు, నా జవాబు వినకుండానే కూర వడ్డించుకుంటారు. వినాలన్నా నా దగ్గర లేదు. నేనూ ప్యాకెట్ పాలతోనే కాఫీ కలుపుకుంటున్నాను. ఆ జవాబు నాయనమ్మకీ తెలియదని, తెలియకనే ఆ రోజు లేచి తాడు విప్పిందని, ఆమె పోయిన చాలా ఏళ్లకి గానీ నాకు తట్టలేదు.