రాట్నం ముందు మళ్లీ కూర్చున్నాను

ఆ రోజు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నాను. పొందూరులో సన్న నూలు వడికేవాళ్లం ఇప్పటికీ అలాగే దువ్వుతాం. లేవబోతే నడుము నుంచి ఎడమ మడమ దాకా కారం రాసినట్టు మంట.

ఎమ్మారైలో డిస్క్ జారిందన్నారు. ఆపరేషన్‌తో డిస్క్ బాగుపడింది, మంట మాత్రం నన్ను వదల్లేదు. చీర కుచ్చిళ్లు తగిలినా ప్రాణం పోయేది. మాత్రలు మింగితే మత్తు, ఇంజెక్షన్ చేస్తే నాలుగు వారాల ఊరట. రెండేళ్లు రాట్నం ముట్టలేదు. నాకు మరో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. మా అత్త రాట్నానికి గుడ్డ కప్పేసిన రోజు కోపంతో అన్నం మానేశాను.

విశాఖలో పెయిన్ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఇది నర్వ్ పెయిన్ అమ్మా. వెన్నులో లీడ్స్, అంటే సన్నటి తీగలు పెట్టి కొంచెం కరెంటు ఇస్తాం. ముందు వారం రోజులు ట్రయల్. నొప్పి సగమైనా తగ్గితేనే లోపల బ్యాటరీ పెడతాం." వంగొద్దు, చేతులు పైకెత్తొద్దు అని మరీ మరీ చెప్పింది.

బయట బ్యాటరీ నడుముకు కట్టుకుని ఇంటికొచ్చాను. మూడు రోజులు కాలిలో కరెంటు జలదరింపే తప్ప మంట ఎక్కడికి పోయిందో తెలీదు. నాలుగో రోజు ఆగలేక గుడ్డ తీసి కూర్చున్నాను. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో పోగును తలపై దాకా లాగాను. కాసేపటికే కాలిలో ఉండాల్సిన జలదరింపు పక్కటెముకల్లోకి వచ్చింది. వెనకే మంటా వచ్చింది.

"సెయ్యెత్తొద్దన్నారు గదే, ఏటి సేసినావు?" అంది అత్త.

చెయ్యెత్తడమంటే దండెం మీద బట్టలు ఆరేయడం అనుకున్నాను. పోగు లాగడం కూడా ఎత్తడమేనని నాకు తట్టనే లేదు.

లీడ్ జరిగిందని ఎక్స్‌రేలో తేలింది. ఇక అంతా అయిపోయిందని ఏడ్చాను. ఏం చేశానో చూపించమంది డాక్టరమ్మ. కుర్చీలో కూర్చుని గాల్లోనే నూలు వడికాను. ఆమె నవ్వింది.

"మూడు రోజులు తగ్గింది కదా, ట్రయల్ పాసైనట్టే. ఈసారి లీడ్ కుట్టి బిగించి, బ్యాటరీ లోపలే పెడతాను. రెండు నెలలు మాత్రం ఈ చెయ్యి లేవకూడదు."

ఆపరేషన్ అయ్యాక రెండు నెలలూ అత్త రాట్నానికి కాపలా కూర్చుంది. గడువు తీరిన పొద్దున తనే గుడ్డ తీసింది. "కూకో. నాను సూస్తాను," అంది. పోగు తెగకుండా వచ్చింది. ఇద్దరం ఏడ్చాం.

మంట ఇప్పుడు పదింట రెండు వంతులే. బ్యాటరీ రిమోట్ బొడ్లో దోపుకుని రోజూ వడుకుతున్నాను. ఈ వైద్యానికి వెళ్లేవాళ్లకు ఒకటే మాట: మీ పనిలో ఒళ్లు ఎలా కదులుతుందో డాక్టరుకు ముందే చేసి చూపించండి. నోటితో చెబితే చాలదు. నేను ఇప్పుడు చెయ్యెత్తి పోగు ఎంత ఎత్తుకైనా లాగుతాను.