చెరువు మట్టి, పట్నం పూత

లెక్కల్లో నాకెన్నడూ నూరు రాలేదు. ఏడో తరగతిలో జ్వరం మాత్రం నూటరెండు వచ్చింది. అదే పెద్ద మార్కు అనుకుని బడి మానేశాను.

కుండలు కాల్చే కరెంటు బట్టీ కొన్నాక ఆ చదువు బయటపడింది. జడ్చర్ల బస్టాండు దగ్గరి హోటలాయన మాకు మొదటిసారి చాయ్ కప్పులు చెప్పాడు. నచ్చితే నెలనెలా మావే తీసుకుంటానన్నాడు. మా ఆవిడ చెరువు మట్టితో నలభై కప్పులు చేసింది. నేను పట్నం నుంచి గాజుపూత పొడి తెచ్చాను. అది కరగడానికి పన్నెండు వందల డిగ్రీలు కావాలని సంచి మీద ఉంది. మా మట్టి వెయ్యి దాటితే మెత్తబడుతుందన్న సంగతి నా తలకెక్కలేదు.

"ముందుగాల ఒక్క కప్పు కాల్చి చూడు," అంది ఆమె.

"నిన్ను చూడకుండనే చేసుకున్న, మంచిగ లేవా?" అని నలభై కప్పులూ ఒకేసారి బట్టీలో పెట్టేశాను.

మర్నాడు తెరిస్తే పూత అద్దంలా మెరుస్తోంది. దాని కింద కప్పులన్నీ అప్పడాల్లా చదునైపోయి బట్టీలోని పలకకు అంటుకుపోయాయి. సాయంత్రానికి హోటలాయన వస్తాడు.

"పూతయితే మస్తు కుదిరింది," అన్నాను మెల్లగా.

ఆమె ఖుర్పీతో ఒక కప్పును పెకిలిస్తూ, తలెత్తకుండానే అంది: "నూటరెండుకే నువ్వు బడి ఇడిసిపెట్టినవ్. పన్నెండొందలు పెడితే గీ మట్టి నిలబడుతదా?"