నెల్లిమర్లకు తెప్ప చార్జీ

పాలిటెక్నిక్‌లో కొలతలు నేర్చినవాణ్ణి కనుక ఆ సామాను ఇప్పటికీ గుర్తుంది: ట్రంకుపెట్టె, కుండలు, రోలు, విప్పిన తెప్ప తాలూకు నాలుగు పన్నెండడుగుల దుంగలు. జనపనార మిల్లులో పనికి కాపురం మారుస్తున్న జాలరి వాటిని నేనెక్కిన బస్సు దగ్గర దించాడు. కండక్టరు తెప్పకు చెప్పిన చార్జీ మిగతా సామానంతటికీ కలిపినంత.

“నెల్లిమర్లలో సముద్రం ఉన్నాదేటి మావా?” అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

“మిల్లు పని పోతే దీని మీదే బతకాల బాబూ.”

డబ్బు చాలలేదు. టీకొట్టువాడు దుంగల్ని పొయ్యిలోకి కొన్నాడు. ఆ డబ్బుతోనే మిగతావి టాపు మీదికెక్కాయి.

“బస్సెల్లినాక నరుకు,” అని జాలరి బతిమాలాడు.

“ఆరినాదో లేదో సూడొద్దేటి?” అంటూ టీకొట్టువాడు గొడ్డలెత్తాడు.

జాలరి నా పక్కన కూర్చున్నాడు. “ఆ రెక్క దించు బాబూ,” అన్నాడు. కిటికీ రెక్క దించాను. బస్సు కదిలేదాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది.