మా మరిది బోల్టులకు ఒప్పుకున్న వేసవి

మొన్న మా మరిది గిటారు చేశాడని విని పొన్నూరు నుంచి ఎవరో ఫోన్ చేసి, "గిటారు మెడ బోల్టులతో బిగిస్తారా, జిగురుతో అతికిస్తారా అండీ?" అని అడిగారట. మా మరిది జవాబు చెప్పకుండా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈ సంగతి మా వదిన చెబితేనే బాగుంటుంది" అని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. గోంగూర ఒలుచుకునే మనిషికి ఎలక్ట్రిక్ గిటార్ల గురించి ఏం తెలుసని మీరు అడగవచ్చు. నాకు తెలిసింది చెప్పాను, అవతలి పెద్దమనిషి ఓపికగానే విన్నాడు. ఫోను పెట్టేశాక మాత్రం గోంగూర పక్కకు నెట్టి, ఆ వేసవిని తలుచుకుంటూ చాలాసేపు కూర్చుండిపోయాను.

మా అత్తవారిది చీరాలలో మగ్గాలు తయారు చేసే ఇల్లు. మా ఇంటి మగ్గానికి మేకు కొట్టేవారు కాదు. ప్రతి అతుకూ చెక్క చీలతోనే బిగించేవారు. వానాకాలం మగ్గం గుంటలో నీళ్లు ఊరితే చీలలు తట్టి, మొత్తం విప్పి అటక మీద పెట్టుకుని, నేల ఆరాక మళ్లీ నిలబెట్టుకునేవారు నేతగాళ్లు. మగ్గాల పని తగ్గాక మా మరిది మంచాలు, అలమారలు చేశాడు. అతని కూతురిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. కుడిచేత్తో అన్నం తినడం నేర్పేసరికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పిల్ల ఫోనులో చూసి గిటారు నేర్చుకుంది, అదీ కుడిచేతి వాళ్ల గిటారును తలకిందులుగా పట్టుకుని. మంచి ఊపులో ఉండగా, పైకి తిరిగిన మోత తగ్గించే మీటకు మోచెయ్యి తగిలి మోత ఆగిపోయేది. అయినా ఒంగోలు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా మాస్టారు విని ముచ్చటపడ్డాడు. "వేళ్లు బాగున్నాయమ్మా. కానీ ఈ తలకిందుల గిటారుతో స్టేజీ ఎక్కితే మన పరువు పోద్ది. సింగరాయకొండ రిసెప్షన్‌కి నీ చేతికి సరిపడేది తెచ్చుకో, లీడ్ గిటారు నీదే. లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటా" అన్నాడు. ఎడమచేతి గిటారు తెప్పించాలంటే ఆ పెళ్లి దాటిపోతుందని షాపువాళ్లు తేల్చేశారు. "అయితే నేనే చేస్తా" అన్నాడు మా మరిది, అదేదో మంచం కోడు అయినట్టు.

గిటారు ఒంటికి పనస చెక్క తెచ్చాడు, వీణకు పనికొచ్చింది దీనికి పనికిరాదా అని. మెడకు మాత్రం మా మామగారి నాటి మగ్గం టేకు దిమ్మె అటక మీంచి దించాడు. తీగలు, మీటలు, మోత పట్టే అయస్కాంతపు ముక్కలు కొరియర్లో వచ్చాయి. అంతవరకు అందరం ఒక్క మాట మీదే ఉన్నాం. మెడను ఒంటికి కలిపే దగ్గర ఇల్లు రెండయింది. బోల్టులు పెట్టమన్నాను నేను. పాతికేళ్లు కుట్టుమిషను విప్పి బిగించిన దాన్ని, విప్పడానికి వీల్లేని వస్తువంటే నాకు నమ్మకం తక్కువ. మా మరిదికి జిగురే కావాలి.

"బోల్టులతో బిగిస్తే అది గిటారవదు వదినా, మడతమంచం అవుద్ది. అతికిస్తే మోత ఎక్కువసేపు నిలుస్తుందంట. అయినా మనింట్లో అందరం విప్పేవే చేశాం. ఒక్కటన్నా విప్పే పని లేనిది చెయ్యనీ నన్ను" అన్నాడు. ఆ చివరి మాటకు నాకు జాలేసింది, కానీ వాదన ఆపలేదు. వీధిలో మిరపకాయల లారీ వెళ్తే అందరం తుమ్ముకుంటూనే పోట్లాడుకున్నాం. చివరికి తండ్రి పంతమే నెగ్గింది. పిల్ల మాత్రం, "మోత నిలవటం తర్వాత నాన్నా, ముందు మెడ నిలవనీ" అంది.

దాని నోట ఏ ముహూర్తాన వచ్చిందో, తీగలు ఎక్కించి శ్రుతి చేస్తుండగా టప్‌మని మెడ ఊడి వచ్చింది. రిసెప్షన్ ఆ వారంలోనే. పిల్ల ముఖం చూడలేకపోయాను. మా మరిది ఊడిన చోట గోకి వాసన చూశాడు. "నూనె వదినా" అన్నాడు. గుంటలోని చెమ్మ ఎక్కకుండా మగ్గం కర్రకు ఏటా నూనె పట్టించడం మా ఇంటి ఆనవాయితీ. ఆ పని చిన్నప్పుడు చేసింది అతనే. పొరపొరకూ నూనె తాగిన టేకు జిగురును దగ్గరకు రానిస్తుందా? ముందు అతనే నవ్వాడు, తర్వాత మాకు నవ్వే ధైర్యం వచ్చింది.

పాత జిగురంతా గీకేసి, వెనక ఇనప పలక వేసి, బోల్టులు బిగించాడు. మెడ ఉడుంపట్టు పట్టింది గానీ, తీగలు మరీ ఎత్తులో ఉండి పిల్ల వేళ్లకు లొంగలేదు. రిసెప్షన్ నాటి పొద్దున బోల్టులు విప్పించి, చీర మడతలో పెట్టే అట్ట నుంచి సన్నని ముక్క కత్తిరించి, మెడ కూర్చునే గూట్లో లోపలి అంచున పెట్టమన్నాను. కుట్టుమిషను కాలు ఎగుడుదిగుడైతే చేసే వైద్యమే అది. మళ్లీ బిగిస్తే మెడ వెనక్కి వాలి, తీగలు కిందికి దిగాయి. ఆ అట్టముక్క నాదని నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను, ఎందుకు చెప్పకూడదు?

ఆ సాయంత్రం సింగరాయకొండలో మా పిల్ల లీడ్ వాయిస్తుంటే పెళ్లికొడుకు వైపు కుర్రాళ్లు కుర్చీలెక్కారు. భోజనాల దగ్గరున్నవాళ్లు ఎంగిలి చేతులతోనే వచ్చి నిలబడ్డారు. మాస్టారు కీబోర్డు దగ్గర్నుంచి, "ఇంకోసారి, ఇంకోసారి" అని సైగ చేస్తున్నాడు. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. మా మరిది ముందు వరసలో కూర్చుని పక్కాయనతో, "బోల్టులే నయమండీ, నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా" అంటున్నాడు. వినపడింది, కానీ అంత సంతోషంలో తగువు పెట్టుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు మాస్టారికి ఓపిక తగ్గింది, ఆ ఆర్కెస్ట్రాను నడిపేది మా పిల్లే. అది స్టేజీ ఎక్కి ఎన్నేళ్లయిందని ఎవరైనా అడిగితే నేను లెక్కపెట్టి చెప్పలేను. కానీ మోచెయ్యి మీటకు తగిలి, పాట మధ్యలో ఆగి, తల వంచుకుని కూర్చున్న ఏళ్లున్నాయే, వాటిని దాని వయసులోంచి తీసేసి, స్టేజీ ఎక్కిన రోజు నుంచే లెక్కపెట్టాలనిపిస్తుంది నాకు.