నేను చదవకుండా వదిలేసిన మాట

నా చిన్నప్పుడు కువైట్‌లో ఇతరులకు ఉత్తరాలు చదివిపెట్టడం నాకు మహా గర్వంగా ఉండేది. మా అమ్మ గోదావరి వైపు నుంచి నర్సుగా వచ్చింది. సబా అల్ సలేంలో మేమున్న వాటా పక్కనే ఒక పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో పనిచేసే కడప అక్కకు చదువు రాదు. మధ్యాహ్నం వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, కునుకు తీసే వేళ మా మెట్ల దగ్గరికి వచ్చి, ఊరి ఉత్తరం నా చేతికిచ్చి, నేను చదువుతుంటే నా జడ విప్పి మళ్ళీ అల్లేది. డ్యూటీలతో అలసిపోయే అమ్మకు అంత తీరిక ఉండేది కాదు. ఆ కాసేపటి కోసం నేను రోజంతా కాచుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు వచ్చిన ఒక ఉత్తరంలో మేకల సంగతి, వానల సంగతి రాసి, చివర్లో "అమ్మకు బాగలేదు, నిన్నే కలవరిస్తాంది, వెంటనే బయల్దేరు" అని ఉంది. అక్కడికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. అక్క వెళ్ళిపోతే మళ్ళీ రాదేమోననిపించింది.

"అంతేనా పాపా? అమ్మ సంగతి ఏం రాయల్యా?"

"బాగుందంట" అన్నాను.

ఆమె సంతోషంగా కాగితం మడిచి దాచుకుంది. ఆ తర్వాత ఆమె జడ వేస్తుంటే తలెత్తలేకపోయాను. అన్నం సహించేది కాదు. జ్వరమేమోనని అమ్మ నా నుదురు పట్టి చూసింది.

కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మాకు చర్చి ఆరాధన ఆ రోజే. పిల్లలకు బైబిలు చెప్పే మాస్టారు షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో స్టోరు చూసుకునేవారు. అంతకుముందు ఊళ్ళో పాదిరీ చదువు చదివారట. ఆ శుక్రవారం అందరూ వెళ్ళాక అడిగాను.

"మాస్టారూ, మనం ఏం చేస్తామో దేవుడికి ముందే తెలుసు కదండీ. మరి తప్పు మనదెలా అవుతుందండీ?"

ఆయన ఒక కాగితం మీద ఏదో రాసి మడిచారు. ఒక ఖర్జూరం, ఒక బిస్కెట్ నా ముందు పెట్టి, ఏది కావాలో తీసుకోమన్నారు. నేను ఖర్జూరం తీసుకున్నాను. కాగితం విప్పితే అదే రాసి ఉంది.

"నువ్వు అదే తీస్తావని నాకు ముందే తెలుసమ్మా. అలాగని నీ చెయ్యి నేను కదిపానా?"

వందల ఏళ్ళ కిందట మఠాల్లో బతికిన క్రైస్తవ సన్యాసులు కూడా ఈ ప్రశ్న పట్టుకునే తలలు బద్దలు కొట్టుకున్నారని చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. ఉత్తరం సంగతంతా చెప్పేశాను.

"అక్క వెళ్ళకూడదని నీకనిపించింది. అది పాపం కాదు. ఆ అనిపించినదానికి నీ మనసు సరేనంది చూడు, పాపం అక్కడుంది" అన్నారాయన. "నిజం చెప్పడానికీ ఆ మనసే సరేననాలి. నేను నీ వెంట రానమ్మా."

ఆ మధ్యాహ్నమే అక్కను ఉత్తరం తెమ్మని, చివరిదాకా చదివాను. అప్పటికి ఎనిమిది రోజులైంది.

"యాడుంది ఆ మాట?" అంది. వేలు పెట్టి చూపించాను. తనకు రాని ఆ అక్షరాల మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"తెలిసే చెప్పల్యా పాపా?"

"తెలిసే."

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళిపోయింది. వాళ్ళ మామా మంచిది, మూడు రోజుల్లోనే ప్రయాణానికి ఏర్పాటు చేసింది. కానీ అక్క ఊరు చేరేసరికి తల్లికి ప్రాణం ఉంది గానీ, మాట పడిపోయి నాలుగు రోజులైందట. వాళ్ళ ఊరి మనిషి ఒకావిడ మా అమ్మకు ఈ సంగతి చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. అక్క మళ్ళీ కువైట్ రాలేదు.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడుతున్నాయి. కూతురు నర్సు, నేను తన దగ్గరే ఇక్కడ కువైట్‌లోనే ఉంటున్నాను. ఆ ఎనిమిది రోజుల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా "చిన్నతనం, ఏదో అలా జరిగిపోయింది" అన్న మాట నోటిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, "నేను చేశాను" అంటాను.